విక్టోరియా టీచరుగారి తాలూకు

ఇంగ్లీషువాడికి తొందరెక్కువ అని విక్టోరియా టీచరు కొత్తగా చేరిన ప్రతి బ్యాచికీ చెప్పేది. వాడు ముందు మనిషిని తెచ్చి మన ఎదుట నిలబెట్టేస్తాడు. ఆ మనిషి ఏం చేశాడో, ఎవరివాడో, ఎక్కడివాడో తర్వాత తీరిగ్గా చెబుతాడు. మన పద్ధతి వేరు. ‘నిన్న సంతలో మా నాన్నతో గొడవపడి గొడుగు మర్చిపోయి వెళ్ళిన’ అని వరస పెట్టుకుంటూ పోయి, వినేవాడి ఓపిక అయిపోయే వేళకి ‘మనిషి’ అంటాం. మనకి మనిషి చివర్న వస్తాడు.

ఆ మాటకి పిల్లలు నవ్వేవారు. పిల్లలంటే బడిపిల్లలు కారు. ఏలూరులో బట్టల కొట్లలోనూ, మందుల షాపుల్లోనూ పనిచేస్తూ, నాలుగు ఇంగ్లీషు ముక్కలొస్తే నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయని ఆశపడేవాళ్ళు. పవరుపేటలో ఆవిడ అద్దెకుంటున్న వాటాలో ముందుగదే క్లాసు. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఆ గదిలో తొమ్మిదిమంది గొంతులు వినబడేవి. ఏడు దాటాక గోడగడియారం ఒక్కటే వినబడేది.

“మనిషికి హూ, వస్తువుకి విచ్, చోటుకి వేర్. పుస్తకంలోవి వద్దు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి మీరు మాట్లాడుకునే మాటల్లోంచి చెప్పండి” అంది ఆ శుక్రవారం.

“ది బస్ విచ్ గోస్ టు జంగారెడ్డిగూడెం ఈజ్ లేట్” అంది మానస.

“అది ఎప్పుడూ లేటే కదండీ” అన్నాడు చరణ్‌తేజ. వాడి వంతు రాగానే, “ది మ్యాన్ హూ సెల్స్ ఐస్ ఇన్ కైకలూరు ఈజ్ మై మావయ్య” అన్నాడు. గది గొల్లుమంది. మావయ్యని అంకులుగా మార్చి, మిగతాదంతా బాగుందని మెచ్చుకుంది టీచరు.

తర్వాత హర్షిణి లేచింది. నెమ్మదైన పిల్ల, ఆలోచించి గానీ మాట్లాడదు. “విక్టోరియా మేడమ్ ఈజ్ ది టీచర్ హూ లివ్స్ అలోన్” అంది.

ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల తెలివిగా వాక్యం కట్టానన్న సంతోషంతో ఆవిడ మొహంలోకి చూస్తోంది. వాక్యంలో తప్పు లేదు. ఎక్కడన్నా ఒక తప్పుంటే దిద్దే పనిలో పడి టీచరు తప్పించుకునేది. వెరీ గుడ్ అని, బోర్డు తుడవడానికి అటు తిరిగింది. అప్పటికే తుడిచి ఉన్న బోర్డు మళ్ళీ తుడిచింది.

మామూలు రోజైతే అంత పట్టించుకునేది కాదు. యాభై ఆరేళ్ళ మనిషి, ఒంటరితనం ఇవ్వాళ కొత్తగా వచ్చింది కాదు. కానీ ఆ మధ్యాహ్నమే డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. గాల్ బ్లాడరులో రాళ్ళు, ఇంక నాన్చితే ప్రమాదం, వచ్చే గురువారం పొద్దున్న తీసేద్దామన్నాడు. డబ్బుకి ఇబ్బంది లేదు, పగలు పనిచేసే స్కూలువాళ్ళు సెలవిస్తారు. చీటీ రాస్తూ ఆయన మామూలుగా అడిగాడు.

“మీ తాలూకు ఎవరొస్తారండీ?”

“నేనే వస్తానండి.”

“మీరెలాగూ రావాలి కదండీ టీచరుగారూ” అని నవ్వాడు. “సంతకం పెట్టడానికి, రెండు రోజులు కూడా ఉండటానికి మీ తాలూకు ఒకరుండాలి. మనిషి లేకపోతే మేం ఆపరేషన్ చెయ్యమండీ. ఎవర్నైనా తీసుకురండి, ఎవరైనా ఫర్వాలేదు.”

ఎవరైనా ఫర్వాలేదు అన్నమాట చాలా తేలిగ్గా అన్నాడాయన. ఇంటికొచ్చేదాకా ఆవిడ ఆ ఎవరైనా ఎవరా అని వెతుక్కుంటూనే ఉంది. అమ్మానాన్నలు పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోననీ అనలేదు. తమ్ముడి చదువు అయ్యాక చూద్దామంది, అది అయ్యేసరికి సంబంధాలు రావడం మానేశాయి. మిగిలింది ఆ తమ్ముడే.

శనివారం పొద్దున్నే తాడేపల్లిగూడెం వెళ్ళింది. అడగందే అమ్మైనా పెట్టదు కదా, తమ్ముడు మాత్రం తనంతట తాను ఎలా తెలుసుకుంటాడని దారి పొడుగునా తనకి తనే నచ్చజెప్పుకుంది. ‘విజయ్, గురువారం నాకో పనుందిరా’ అని మొదలుపెట్టాలి. రైల్లో నాలుగుసార్లు మనసులో అనుకుంది. ఇంగ్లీషులో కూడా అనుకుంది.

విజయ్ కుమార్ ఇన్సూరెన్సు ఆఫీసులో చేస్తాడు. గుమ్మంలో చెప్పుల వరస చూసే ఇంట్లో మనుషులున్నారని తెలిసింది. వాళ్ళకి కొత్త ఇల్లు కట్టిపెట్టిన ఇంజినీరుగారు సోఫాలో ఉన్నారు. తమ్ముడు లేచి ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని ఆయన ముందుకు తీసుకెళ్ళాడు.

“నన్ను చదివించిన అక్కయ్య వీరేనండీ” అన్నాడు.

ఇంజినీరుగారు లేచి నమస్కారం పెట్టారు. ఎప్పుడు ఎవరొచ్చినా వాడు అక్కని ఇలాగే చెబుతాడు, గౌరవంగానే చెబుతాడు. కానీ చదివించడం అయిపోయి ఇరవై రెండేళ్ళయింది. చర్చిలో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాయిస్తారు చూడండి, ఆ మాట అలాంటిది. పేరు అక్కడే ఉంటుంది, ఫ్యాను తిరుగుతున్నప్పుడు మాత్రం ఎవరికీ కనబడదు.

మరదలు కాఫీ తెచ్చి, వదినగారూ అంటూ ఒక కార్డు చేతికిచ్చింది. “గురువారం గృహప్రతిష్ఠండీ. మా పాస్టరు అయ్యగారికి ఆ రోజే ఖాళీ దొరికింది. మీకు ఫోన్ చేద్దామనుకుంటూనే ఉన్నాం, ఈలోపు మీరే వచ్చారు.”

కార్డు మీద గురువారం అని బంగారు రంగులో ఉంది. విక్టోరియా దాన్ని రెండుసార్లు చదివింది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఒక్కమాట అంటే తమ్ముడు కార్డులు పక్కన పడేసి వచ్చేవాడేమో. రాకపోయేవాడేమో. ఆ రెండోది తెలుసుకోవడం కన్నా అడగకపోవడమే నయమనిపించింది ఆవిడకి.

“గురువారం నాకు కుదరదేమోరా. స్కూల్లో పరీక్షలు” అంది.

“అయ్యో, అలాగా అక్కా. పోనీలే, ఆదివారం ఎప్పుడైనా తీరిగ్గా వద్దువు గానీ” అన్నాడు విజయ్.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు. ఒక్కసారైనా ‘నువ్వు లేకుండా ఎలా’ అంటాడనుకుంది. తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది, పక్కన ఎవరూ లేరు. ఆ ఖాళీ సీటు మీద బ్యాగు పెట్టి, ఏలూరు వచ్చేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది.

ఆవిడ వెళ్ళే చర్చి మిషను దొరల కాలంనాటిది. గుమ్మం పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. ఎవరికే అవసరం ఉన్నా చీటీ మీద రాసి అందులో వేస్తారు. ఆరాధన మధ్యలో అహరోను అయ్యగారు ఆ చీటీలు తీసి చదివితే సంఘమంతా ప్రార్థన చేస్తుంది. పరువుకి వెరిచేవాళ్ళు పేరు రాయరు. ‘ఒక కుటుంబం’, ‘ఒక సహోదరి’ అని రాస్తారు. ప్రార్థనలో కళ్ళు మూసుకోవాలన్నది నియమం. కానీ ‘ఒక సహోదరి’ అని వినబడగానే సగం కళ్ళు తెరుచుకుని ఎవరా అని వెతుకుతాయి. పెదవి దాటితే పృథ్వి దాటుతుందంటారు, పేరు దాటకుండా కథ దాటించడం ఎలాగో మా చర్చిపెట్టెని చూసి నేర్చుకోవాలి.

ఆదివారం విక్టోరియా అందరికన్నా ముందే వెళ్ళి చీటీ వేసింది. తన రాత ఊళ్ళో సగంమందికి తెలుసు గనక అక్షరాలు పొడిపొడిగా రాసింది. ‘గురువారం ఆపరేషనుకు వెళుతున్న, తోడుగా ఎవరూ లేని ఒక సహోదరి కొరకు.’

ఎప్పటిలాగే మూడో బెంచీలో కిటికీ వైపు కూర్చుంది. పక్కన రూతమ్మ వచ్చి కూర్చుంది. కొల్లేటి లంకల నుంచి ఎప్పుడో వచ్చి ఏలూరులో స్థిరపడ్డ మనిషి, ఎండుచేపలు, ఎండురొయ్యలు గంపలో పెట్టుకుని వీధులెంట అమ్ముతుంది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఆదివారం మాత్రం ఉతికిన తెల్లచీర కట్టుకుని వస్తుంది, ఎంత ఉతికినా ఆ చీరలో కాస్త కొల్లేటి వాసన మిగిలే ఉంటుంది. పదకొండేళ్ళుగా ఇద్దరిదీ అదే బెంచీ. పాట మొదలవగానే విక్టోరియా పాటల పుస్తకం తెరిచి సగం ఆవిడ వైపు జరుపుతుంది, ఆవిడ అందులోకి చూస్తూ పాడుతుంది. ఆరాధన అయ్యాక ‘వస్తానండి’, ‘మంచిదండి’. ఆ పదకొండేళ్ళలో ఆ రెండు మాటలు దాటింది లేదు.

అయ్యగారు చీటీ విప్పి చదివారు. విక్టోరియా తల వంచుకుంది. ఎవరో ఒకరు పోల్చుకుంటారు, ఆరాధన అవగానే దగ్గరికొచ్చి, టీచరుగారూ అది మీరేనా అని మెల్లగా అడుగుతారు. అడిగితే అవుననాలా, కాదనాలా? అవుననే అనాలని నిశ్చయించుకుంది.

వచ్చారు కూడా. స్త్రీల సమాజం పెద్ద రూబీ గారు నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చి చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది.

“టీచరుగారండీ, విన్నారుగా? పాపం రూతమ్మండీ!”

“రూతమ్మా?”

“ఇంకెవరండీ, మన సంఘంలో ఎవరూ లేని మనిషి ఆవిడొక్కతేగా! మొన్న కళ్ళు మసకగా ఉంటున్నాయంది, అదే అయ్యుంటుంది. రేపు సాయంత్రం అందరం వెళ్ళి చూసొద్దాం, మీరూ రండి. ఇంకోమాటండీ, ఏమీ అనుకోకండి. ఆసుపత్రిలో రెండు రోజులు తోడుండాలి. మా అందరికీ సంసారాలు, పిల్లలు. మీకెలాగూ ఇంట్లో ఎవరూ లేరు గదా, మీకైతే వీలుగా ఉంటుంది. ఉంటారాండీ?”

విక్టోరియాకి ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో ఆవిడకే తెలియలేదు.

“ఉంటానండి” అంది.

సోమవారం సాయంత్రం ఆరుగురు ఆడవాళ్ళు రూతమ్మ ఇంటికి వెళ్ళారు. ఒకటే గది, బయట చాపల మీద రొయ్యపొట్టు. తలో బ్రెడ్డు పాకెట్టు, అరటిపళ్ళు, ఒక హార్లిక్సు సీసా. విక్టోరియా కూడా బ్రెడ్డు కొనుక్కెళ్ళింది. తన ఆపరేషనుకి తనే బ్రెడ్డు కొని ఇంకొకరికి పెట్టిన మనిషి ఏలూరు మొత్తం మీద ఇంకెవరూ ఉండరు.

“నాకేం ఆపరేషనండీ? నాకేం లేదండి” అంటోంది రూతమ్మ కంగారుగా.

“మొహమాటపడకు రూతమ్మా. కళ్ళ ఆపరేషనంటే భయమేం లేదు, చీమ కుట్టినట్టే ఉంటుంది. టీచరుగారు నీ దగ్గర ఉంటామన్నారు” అంది రూబీ గారు.

రూతమ్మ కాదనడం ఆపేసింది. తల తిప్పి విక్టోరియా వైపు చూసింది.

“టీచరుగారే ఉంటామన్నారాండీ?” అని మాత్రం అడిగింది.

విక్టోరియా రొయ్యపొట్టు వైపు చూస్తూ అవునంది. రూబీ గారు ప్రార్థన చేసింది, అందరూ ఆమెన్ అన్నారు. ఇంతమంది తన కోసం ప్రార్థన చెయ్యడం విక్టోరియా ఎప్పుడూ వినలేదు. అందులో తన పేరు తప్ప అన్నీ ఉన్నాయి.

మంగళవారం డాక్టరు దగ్గర్నుంచి ఫోనొచ్చింది, మీ తాలూకు ఎవరో ఖాయం చేసుకున్నారా అని. చేసుకున్నానంది. ఆ అబద్ధాన్ని ఎలా నిలబెట్టాలో తెలియక బుధవారం స్కూల్లో విశ్వాసం అనే ప్యూనుని అడుగుదామని రెండుసార్లు గేటు దాకా వెళ్ళింది. రెండుసార్లూ టైమెంతైంది విశ్వాసం అని అడిగి వెనక్కొచ్చింది. చేతికి వాచీ ఉంది.

బుధవారం సాయంత్రం క్లాసు జరుగుతుండగా గుమ్మంలో రూతమ్మ కనబడింది. నెత్తిన గంప. గంపలో ఎండుచేపల బదులు బ్రెడ్డు పాకెట్లు, పళ్ళు, హార్లిక్సు. చరణ్‌తేజ లేచి కుర్చీ ఇవ్వబోతే వద్దని, వెనకగోడకి ఆనుకుని కింద కూర్చుంది. ఆ రోజు పాఠం వేర్. ది హౌస్ వేర్ ఐ వజ్ బార్న్, ది షాప్ వేర్ ఐ వర్క్ అని పిల్లలు చెబుతుంటే, అర్థమైనట్టే తల ఊపుతూ వింది.

పిల్లలు వెళ్ళాక గంప ముందుకు జరిపింది.

“ఇయ్యి మీవండి” అంది.

“నావేంటి రూతమ్మా?”

“ఆదివారం అయ్యగారు ఆ చీటీ సదివినప్పుడు అందరూ నా వంకే చూశారండి. ముందు బెంచీలవాళ్ళు ఎనక్కి తిరిగి మరీ చూశారు. మీరొక్కరే చూళ్ళేదు. పక్కనున్నారు, తల వొంచుకున్నారు, మీ చేతిలో పుస్తకం వొణుకుతా ఉంది. నాకు అప్పుడే తెలిసిందండి.”

విక్టోరియా గంపలోంచి తను కొన్న బ్రెడ్డు పాకెట్టు తీసి చూసింది.

“మరి సోమవారం అందరి ముందూ ఎందుకు చెప్పలేదు?”

“మీరు పేరెట్టుకోలేదు గదండీ. మీరు చెప్పుకోనిది నేనెలా చెబుతానండి?” అంది రూతమ్మ. “రేపేగా. ఎన్నింటికి రమ్మన్నారండీ?”

విక్టోరియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గాల్ బ్లాడరు కోసం కాదు, తమ్ముడి కోసమూ కాదు. ఎన్నింటికి రమ్మన్నారని ఒక మనిషి అడిగినందుకు ఏడ్చింది. రూతమ్మ ఊరుకోండని అనలేదు. ఒక అరటిపండు తీసి, ఒలిచి, ఆవిడ చేతిలో పెట్టింది.

కాసేపటికి తేరుకుని, టీచరు బుద్ధి పోనిచ్చుకోకుండా విక్టోరియా జాగ్రత్తలు చెప్పింది. “అక్కడ కాయితం ఒకటి ఇస్తారు. చదివి సంతకం పెట్టాలి.”

“నాకు సదువు రాదండి. ఏలిముద్దరైతే ఏస్తాను.”

“చదువు రాదా? మరి పాటల పుస్తకం?”

రూతమ్మ సిగ్గుపడింది. “పాటలన్నీ నోటికొచ్చండి. మీరు పుస్తకం ఇటు జరిపేవారు. చూడకపోతే బాగోదని చూసేదాన్నండి.”

పదకొండేళ్ళు. ఊరందరికీ ఇంగ్లీషు నేర్పే మనిషి, పక్కన కూర్చున్న మనిషికి తెలుగు అక్షరం రాదని పదకొండేళ్ళపాటు తెలుసుకోలేదు. తనని ఎవరూ చూడలేదని కదా ఇన్నాళ్ళూ బాధ. తను మాత్రం ఎవర్ని చూసింది? ఆ రాత్రి విక్టోరియాకి ఆపరేషను భయం కన్నా ఆ సిగ్గే ఎక్కువ బాధపెట్టింది.

గురువారం పొద్దున్న ఆసుపత్రిలో విక్టోరియా ఆకుపచ్చ గౌను వేసుకుని స్ట్రెచరు మీద ఉంది. గది తలుపు తెరిచే ఉంది. కౌంటరు దగ్గర గుమాస్తా కాయితాలు ముందేసుకుని వరండాలోకి కేకేశాడు.

“విక్టోరియా గారి తాలూకు ఎవరండీ?”

వరండాలో పాతికమంది ఉన్నారు. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. ఆ ఒక్క క్షణంలో, రూతమ్మ రాలేదేమో, వచ్చి వెళ్ళిపోయిందేమో, వినబడలేదేమో అని ఆవిడ తలుపు వైపు చూసింది.

“నేనేనండి” అని వినబడింది. ఉతికిన తెల్లచీర. ఆదివారం చీర.

“మీరు ఆవిడకి ఏమవుతారు? చెల్లెలా?”

“కాదండి.”

“ఆడపడుచా? వదినా? ఏదో ఒక వరస చెప్పండమ్మా, ఇక్కడ రాయాలి.”

రూతమ్మ ఆలోచించింది. అబద్ధం చెబితే పని అయిపోయేది. చెప్పలేదు.

“ఆదివారం ఆవిడ పక్కన కూర్చునే మనిషినండి” అంది.

గుమాస్తా కలం ఆగింది. ఇదేం వరసన్నట్టు, అప్పుడే అటొచ్చిన డాక్టరు వైపు చూశాడు. డాక్టరు విక్టోరియా వైపు చూశాడు. ఆవిడ స్ట్రెచరు మీంచే తల కాస్త ఎత్తి, “ఆవిడే నా తాలూకండీ. ఆవిడ చెప్పినట్టే రాసుకోండి” అంది. గుమాస్తా ఏం రాశాడో తెలియదు. రూతమ్మ వేలిముద్ర వేసి, బొటనవేలి సిరా తలకి రాసుకుంది, మంచి చీరకి అంటకూడదు కదా.

తెలివొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పొట్ట బరువుగా ఉంది, నోరు ఎండిపోయింది. బల్ల మీద ఫోను రెండుసార్లు మోగి ఆగింది. తమ్ముడు కొత్తింటి ఫొటోలు పంపి ఉంటాడు. ఆవిడ అటు చెయ్యి చాపలేదు.

మంచం పక్కన స్టూలు మీద రూతమ్మ కూర్చుని ఉంది. విక్టోరియా బ్యాగులోంచి పాటల పుస్తకం తీసినట్టుంది, తెరిచి ఒళ్ళో పెట్టుకుంది. ఏ పేజీయో ఆవిడకి తెలియదు. పాట మాత్రం మెల్లగా పాడుతోంది. విక్టోరియా కళ్ళు తెరవడం చూసి పాట ఆపలేదు. పుస్తకాన్ని సగం మంచం వైపు జరిపింది.

విక్టోరియా అందులోకి చూసింది. పేజీ ఆ పాటది కాదు. అయినా చూడకపోతే బాగోదని చూస్తూ, గొంతు లేని గొంతుతో తనూ కలిపింది.